ఆ పిల్ల జడ

ఉసిరికాయ నిల్వ పచ్చడి గురించి ఈ వారం రాస్తానని పోయిన వారం మీకు మాటిచ్చాను. రాయలేకపోతున్నాను, ఏమీ అనుకోకండి. ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి నవంబరు 19 అవుతుంది. కృష్ణా జిల్లా ఆడవాళ్ళకి ఆ తారీఖు గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి, ముఖ్యంగా ఈమధ్యనే కాపురాలకొచ్చిన అమ్మాయిలకి, దివిసీమ ఉప్పెన అంటే పెద్దవాళ్ళ నోట విన్న మాటే కదా!

1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసం. అప్పుడు మేం ఉయ్యూరులో ఉండేవాళ్ళం. నాకు పెళ్ళయి రెండేళ్ళు, చంకలో పది నెలల పిల్లాడు. రేడియోలో తుఫాను హెచ్చరిక చెబుతూనే ఉన్నారు. ఏటా ఈ రోజుల్లో చెప్పేదేగా అనుకున్నాం. పొద్దున్నే తులసికోట దగ్గర దీపం పెట్టబోతే మూడుసార్లు కొండెక్కింది. "లోపల దేవుడి దగ్గర పెట్టెయ్యమ్మా, గాలి తీరు బాగాలేదు" అన్నారు మా అత్తయ్యగారు. చీకటిపడేసరికి ఇంటి పెంకులు ఎగిరిపోతున్నాయి. పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని రాత్రంతా మంచం కింద కూర్చున్నాను. తెల్లారి చూస్తే పెరట్లో ఒక్క అరటిచెట్టు లేదు. మునగచెట్టు వెళ్ళి పక్కింటివాళ్ళ వంటింటి మీద పడుంది. మన కొంప ఇలా అయిపోయిందేవిటని ఏడ్చాను కూడా. మాకు యాభై కిలోమీటర్ల దూరంలో ఏం జరిగిందో అప్పటికి తెలీదు. రోడ్లకడ్డంగా చెట్లు, తెగిపడిన తీగలు. ఎవరొచ్చి చెబుతారు?

రెండు మూడు రోజులకి ఒక్కో కబురూ రావడం మొదలైంది. సముద్రమే ఊళ్ళోకొచ్చిందన్నారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి... అంతకుముందు మేమెప్పుడూ వినని ఊళ్ళ పేర్లు ఇంటింటా వినబడ్డాయి. కొలిచినవాళ్ళు అల ఎత్తు సుమారు 5 మీటర్లన్నారు. చూసినవాళ్ళు తాడిచెట్టంత అన్నారు. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. అక్కడివాళ్ళనడిగితే ఆ లెక్కకి నవ్వుతారు, అంతకంటే చాలా ఎక్కువంటారు. కోతకొచ్చిన వరి ఉప్పునీళ్ళపాలైంది. బావులన్నీ ఉప్పుకషాయం.

మా వీధి ఆడవాళ్ళం కూడా ఊరుకోలేదు. నాలుగిళ్ళవాళ్ళం కలిసి గంగాళాలకొద్దీ పులిహోర కలిపి, పొట్లాలు కట్టి లారీ ఎక్కించాం. రెండ్రోజులైనా పాడవదని మా తెలివి! లారీతో వెళ్ళొచ్చిన కుర్రాళ్ళు, "అక్కడ తాగడానికి గుక్కెడు నీళ్ళు లేవు పిన్నిగారూ, పులిహోర తిన్నవాళ్ళంతా దాహమో అని ఏడ్చారు" అన్నారు. ఆ రెండోసారి బిందెలతో మంచినీళ్ళు పంపాం. బట్టలూ అంతే. పెట్టె అడుగున చిరుగులుపట్టిన పట్టుచీరలు తీసి ఇచ్చాం. వాటితో వాళ్ళేం చేసుకుంటారని ఒక్కరమూ అనుకోలేదు. ఎన్.టి. రామారావుగారూ, అక్కినేని నాగేశ్వరరావుగారూ స్వయంగా ఊళ్ళు తిరిగి విరాళాలు పోగుచేసిన రోజులవి.

సంక్రాంతి వెళ్ళాక, అవనిగడ్డలో సహాయ శిబిరంలో పనిచేసొచ్చిన మావారి స్నేహితుడొకాయన, బడిపంతులు, ఒక పిల్లని వెంటబెట్టుకొచ్చారు. తొమ్మిదేళ్ళుంటాయి. నాగాయలంక అవతల సముద్రపొడ్డు పల్లె. అమ్మ, నాన్న, ఇద్దరు తమ్ముళ్ళు పోయారు. తాటాకింటి కప్పు మీద కొట్టుకొచ్చి ఇది బతికింది. బాబాయొకడున్నాడుగానీ అతనికే నిలవనీడ లేదు. "మీ ఇంట్లో ఉంచుకోండమ్మా, పుణ్యముంటుంది" అన్నారాయన. ఉంచుకున్నాం. పేరు రాయను. ఇప్పుడావిడ మనవలున్న మనిషి.

పెంచుకుంటున్నామని అందరితో చెప్పేవాళ్ళం. నిజం చెప్పొద్దూ, అది పూర్తి పెంపకమూ కాదు, అలాగని పనిమనిషీ కాదు. మా పిల్లాణ్ణి ఎత్తుకునేది, అంట్లు తోమేది, మా అందరి భోజనాలూ అయ్యాక వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని తినేది. పండక్కి పరికిణీ కుట్టించాం, గాజులు వేయించాం. వచ్చినవాళ్ళకి ఆ పరికిణీ చూపించేవాళ్ళం, అంట్ల సంగతి చెప్పేవాళ్ళం కాదు. బళ్ళో వెయ్యాలన్న ఆలోచన ఏడాది దాటినా ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు.

దాని జుట్టు మాత్రం పూర్తిగా నా శాఖ. వచ్చినప్పుడు పీచులా ఉండేది. ఆదివారం ఆదివారం కొబ్బరినూనె పట్టించి, మందారాకూ కుంకుడుకాయా కలిపి తలంటేదాన్ని. ఏడాది తిరిగేసరికి నల్లగా, ఒత్తుగా నడుం దాకా దిగింది. రెండు జడలు, ఎర్రరిబ్బన్లు. కూతుళ్ళు లేనిదాన్ని, అది నా ముచ్చట. జడ వేస్తున్నంతసేపూ ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని బిగుసుకుపోయి కూర్చునేది. చిక్కు తీస్తుంటే నొప్పేమోననుకునేదాన్ని. అప్పుడప్పుడు "కత్తిరించెయ్యక్కా" అనేది. అత్తయ్యగారి చెవిన పడితే, "ఆడపిల్లవి, జుట్టు కత్తిరించడమేవిటే అప్రాచ్యపు మాట!" అని కసిరేవారు. నేను నవ్వేసేదాన్ని. ఎందుకు అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

1979 మే నెలలో మళ్ళీ తుఫానొచ్చింది. పగలే గాలి మొదలైంది. ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా బియ్యం డబ్బా, మా పిల్లాడి బట్టలు, అగ్గిపెట్టె అటకమీదికి చేర్చేసింది. రాత్రి లాంతరు పట్టుకుని వంటింట్లోకి వెళ్తే, మూల కూర్చునుంది. చేతిలో నా కుట్టుమిషను కత్తెర. ఒక జడ కింద పడుంది, రిబ్బనుతో సహా. నాకెక్కడలేని కోపమొచ్చింది. ఏడాది పైగా నేను పడ్డ శ్రమంతా నేలమీద పడున్నట్టు అనిపించింది కాబోలు. చెంప మీద ఒక్కటిచ్చాను.

ఏడవలేదు. "మా అమ్మ జడ ఊడి తుమ్మకంపకి చుట్టేసుకుందక్కా. నేను లాగాను. రాలేదు" అంది.

అంతే చెప్పింది. నేనింకేం అడగలేదు. కత్తెర తీసుకుని రెండో జడ నేనే కత్తిరించాను. చేతులు వణికి ఎగుడుదిగుడుగా వచ్చింది. మర్నాడు అత్తయ్యగారు ఆ తల చూసి నోరు తెరవబోతే పక్కకి పిలిచి సంగతి చెప్పాను. ఆవిడ దేవుడి గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ తన విస్తరి పక్కనే ఇంకో విస్తరి వేశారు. ఆ జూన్‌లోనే బళ్ళో వేశాం. తోటిపిల్లలు "క్రాపు పిల్లా" అని ఏడిపించినా లెక్కచెయ్యలేదు, పదో తరగతి దాకా చదివింది.

ఆ దెబ్బ సంగతి ఇన్నేళ్ళూ మావారికి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

1986లో బాబాయే సంబంధం చూశాడు. కుర్రాడిది వాళ్ళవైపే, మళ్ళీ ఆ సముద్రపొడ్డే. మాకు తోచినంతలో పెట్టి పంపాం. "మళ్ళీ అక్కడికేనా తల్లీ?" అన్నాను ఉండబట్టలేక. "మావాళ్ళంతా అక్కడే ఉన్నారు కదక్కా" అంది.

1990 మేలో తుఫాను కృష్ణా తీరం మీదికొస్తోందనగానే నాకు నిద్ర పట్టలేదు. అయితే అప్పటికి రోజులు మారాయి. ఉప్పెన తర్వాత తీరం వెంబడి తుఫాను షెల్టర్లు కట్టారు. హెచ్చరిక ముందే అందింది, లక్షమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. గాలి తక్కువేం కాదు, అయినా పోయినవాళ్ళు వెయ్యి లోపే. వెయ్యి ప్రాణాలు తక్కువా అంటే కాదు. కానీ 77 చూసినవాళ్ళం కదా, బిడ్డల్ని ఎత్తుకుని జనం ముందే మేడ ఎక్కారని విన్నప్పుడు ఎంత ఊరటగా ఉందో మీకు చెప్పలేను. పది రోజులకి దాని కార్డొచ్చింది. "అక్కా, షెల్టర్లో ఉన్నాం. పిల్లలిద్దరూ క్షేమం. బియ్యం డబ్బా కూడా తీసుకెళ్ళాను." మూడే ముక్కలు. ఆ కార్డు ఇప్పటికీ నా దేవుడి గూట్లో ఉంది.

అవనిగడ్డ దగ్గర, ఉప్పెన నీళ్ళు వచ్చి ఆగినచోట స్మారకం కట్టారు. ఒకసారి దాన్ని వెంటబెట్టుకుని వెళ్దామనుకున్నాను. "నువ్వెళ్ళిరా అక్కా, నేను బయట టీ తాగుతుంటాను" అంది. నేనూ వెళ్ళలేదు. ఇద్దరం టీ తాగి వచ్చేశాం.

నవంబరు 19న అది నాకు ఫోన్ చెయ్యదు. నేనూ చెయ్యను. 20వ తారీఖు పొద్దున్నే మాత్రం తప్పకుండా మోగుతుంది. "అక్కా, ఉసిరికాయ నిల్వ పచ్చడికి ఉప్పెంత పట్టమంటావు?" ప్రతి ఏడూ అదే ప్రశ్న. తెలీక కాదు, నాకంటే బాగా పడుతుంది. ఆ కొలత వచ్చే వారం మీకూ రాస్తాను.