సైటు ఎవరి చేతిలో నున్నది?

ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసు నుండి చిరాగ్ అలీ లేన్ మీదుగ నాంపల్లి స్టేషను వరకు నడచునప్పుడు, బట్టల దుకాణముల బోర్డులకును డాక్టర్ల పేరులకును నడుమ, ఏ మూడవ యంతస్తుననో ‘వెబ్ డిజైనింగ్, హోస్టింగ్’ అను చిన్న ఫలక మొకటి యప్పుడప్పుడు కంటబడుచుండును. ఇద్దరో ముగ్గురో యువకులు నడపు నట్టి కార్యాలయములకు వచ్చు క్లయింటులలో నగల వర్తకుడుండును, ప్రైవేటు పాఠశాల కరస్పాండెంటుండును, ఏటికొక ప్రత్యేక సంచికను వెలువరించు సాహిత్య సంస్థ కార్యదర్శియు నుండును. వీరు కోరు వెబ్‌సైటు, పేరేదైనను, స్వభావమున బ్లాగే: వార్తలు, వ్యాసములు, ఛాయాచిత్రములు ఎప్పటి వప్పుడు తామే ప్రకటించుకొనవలయును, పాతవి వరుస తప్పక నిలిచి యుండవలయును. దీనిని మొదటి పంక్తి నుండి కోడు వ్రాసి నిర్మించుటయా, లేక వర్డ్‌ప్రెస్ వంటి రెడీమేడ్ సాఫ్ట్‌వేరును సర్వరు మీద నెక్కించి యిచ్చుటయా యను మీమాంస యచ్చట తరచుగ జరుగుచునే యున్నది.

అత్యధిక సందర్భములలో రెడీమేడే మేలని నా నిశ్చితాభిప్రాయము. అయినను ఈ వాదమున ఉభయపక్షములవారును ధరను గూర్చి, అందమును గూర్చి, వేగమును గూర్చి మాటలాడుదురే గాని, అడుగవలసిన ప్రశ్నను మాత్రము అడుగరు: రేపు ఈ డెవలపరుతో పొసగనినాడు, లేక ఆతడే వేరొక యుద్యోగము చూచుకొని వెడలిపోయిననాడు, యజమాని తన వ్రాతలన్నిటిని మూటగట్టుకొని మరియొకని యొద్దకు పోగలడా?

ఇటీవల నొక కార్యాలయమున నా చెవిని బడిన సంభాషణ యిట్లున్నది. “అందరి తాన ఉన్నదే మాకు గూడ పెడితే ఇగ మా స్పెషల్ ఏముంటది తమ్మీ?” అని వర్తకుడు. “మీ కోసం కొత్తగనే రాస్తం సేఠ్, ఫికర్ చెయ్యకుండ్రి,” అని యువకుడు. వర్తకుని కోరికలో దోషము లేదు. తన దుకాణము పొరుగు దుకాణమువలె కనబడకుండవలె నని యెవడు కోరడు? కాని యాతడు కోరినది రూపమున ప్రత్యేకత. యువకుడు అమ్మజూపినది యంత్రాంగమున ప్రత్యేకత. రూపమును మార్చుటకు థీమ్ చాలును. రంగులు, అక్షరములు, పుటల అమరిక సర్వమును ఆ యొక్క పొరలో మార్చుకొనవచ్చును. లోపల నడచు యంత్రాంగము పొరుగువానిదే యైనను చూచువాని కది తెలియనే తెలియదు.

ఆ యంత్రాంగమున నేమేమి యుండునో క్లయింటునకు చెప్పువారు తక్కువ. వ్రాసినదానిని చిత్తుప్రతిగ దాచుట, పొరబాటున చెరిపినదానిని మరల తెచ్చుట, పాస్‌వర్డును ఎవరికిని చదువరాని రూపమున భద్రపరచుట, ఫోనునుండి ఎక్కించిన పెద్ద ఫొటోను నాలుగైదు కొలతలకు కుదించుట, వ్యాఖ్యలలో వచ్చిపడు స్పామును వడగట్టుట, ఫీడు నిచ్చుట, బ్యాకప్ తీయుట, సంపాదకునికి నొక యధికారమును విలేకరికి మరియొక యధికారమును ఏర్పరచుట, ఇవన్నియు బ్లాగు సాఫ్ట్‌వేరు పని. నెల రోజుల గడువులో ఒక యువకుడు వీనిలో సగము వ్రాయును. ఆ సగములో కొంత సరిగా వ్రాయును. మిగిలినదాని లోటు క్లయింటునకు బిల్లు చెల్లించిన నాడు తెలియదు, మూడవ యేట తెలియును.

మూడవ యేట నేమగునో చూపుటకు ఒక్క యుదాహరణము చాలును. పీహెచ్‌పీ భాషలో సొంతముగ వ్రాసిన పాత సైట్లలో అనేకము డేటాబేసును పిలుచుటకు ‘మైఎస్‌క్యూఎల్ కనెక్ట్’ అను పాత యాదేశము నుపయోగించెడివి. 2015 డిసెంబరులో వెలువడిన పీహెచ్‌పీ 7 ఆ యాదేశమును పూర్తిగ తొలగించినది. హోస్టింగు కంపెనీలు తమ సర్వర్లను క్రొత్త పీహెచ్‌పీకి మార్చినకొలది, అట్టి సైట్లు ఒక్కొక్కటిగ తెల్లని కాగితమువలె నిలిచిపోయినవి. కోడు మార్చుట పెద్ద పని గాదు. కాని మార్చవలసినవాడు అప్పటికి గచ్చిబౌలిలో నే బహుళజాతి కంపెనీలోనో యుండును, ఫోనెత్తడు. వర్డ్‌ప్రెస్ మాత్రము 2014 ఏప్రిలులో, అనగా ముప్పు వచ్చుటకు ఏడాదిన్నర ముందే, క్రొత్త మార్గమునకు మారినది. దానిని వాడు దుకాణదారులలో నెవరికిని ఆ మార్పు జరిగినట్లే తెలియదు.

రెడీమేడు దుస్తులకును దర్జీ కుట్టిన దుస్తులకును గల భేదమువంటిదే యిదియు నని ఆబిడ్స్‌లో నెల్లరు చెప్పుచుందురు. ఆ పోలిక చెల్లదు. కుట్టిన కోటు బీరువాలో నుండగా దర్జీ మరణించినను కోటు చెడదు. వెబ్‌సైటన్ననో, క్రింద సర్వరు మారును, చూచు ఫోను మారును, దొంగల యుపాయములును మారుచుండును.

వర్డ్‌ప్రెస్ పుట్టుకయే ఈ విషయమునకు మంచి పాఠము. 2001 ప్రాంతమున మిషెల్ వాల్డ్రిగి అను నాతడు ‘బీ2’ అను చిన్న బ్లాగు సాఫ్ట్‌వేరును వ్రాసెను. కొంతకాలమునకు ఆయన దానిని పట్టించుకొనుట మానెను. వాడుకరులు దిక్కుతోచక మిగిలిరి. 2003 జనవరిలో, పందొమ్మిదేండ్ల మాట్ ములెన్‌వెగ్, తానిక నే సాఫ్ట్‌వేరును వాడవలెనో తెలియక తన బ్లాగులోనే ఆ చిక్కును వ్రాసికొనగా, ఇంగ్లండునుండి మైక్ లిటిల్ తాను తోడ్పడుదునని బదులిచ్చెను. ఆ మే 27 నాడు వర్డ్‌ప్రెస్ తొలి ప్రతి వెలువడినది. బీ2 కోడు జీపీఎల్ అను స్వేచ్ఛా లైసెన్సు క్రింద నుండుటచేతనే వారు దానిని ఎవరి యనుమతియు నక్కరలేకుండ కైకొని కొనసాగింపగలిగిరి. వ్రాసినవాడు వెడలిపోయినను వ్రాత నిలిచినది. నేడు ప్రపంచమందలి వెబ్‌సైట్లలో ఇంచుమించు ఐదింట రెండు వంతులు దానిపై నడచుచున్నవి.

మన భాషలోనే ఇంతకంటె పెద్ద నిదర్శన మున్నది. లిపులన్నిటికి ఉమ్మడి సంకేతములను ఏర్పరచు యూనికోడ్ యొక్క 1991 నాటి తొలి ప్రతిలోనే తెలుగునకు స్థానము కలదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో సామాన్యుని కంప్యూటరులో నది కనబడసాగినది. ఈలోపల అంతర్జాలమున కాలుమోపిన ఈనాడు, వార్త మొదలగు దినపత్రికలు సొంత ఫాంటులను, సొంత సంకేతములను ఏర్పరచుకొనవలసి వచ్చినది. ఆనాటి పరిస్థితులలో వారిని తప్పుపట్టుట న్యాయము గాదు. కాని ఒక పత్రిక ‘క’ యని భావించిన సంకేతము మరియొక పత్రికలో వేరొక యక్షరము. ఫాంటు దిగుమతి చేసికొననివానికి తెరమీద రోమను లిపి కలగాపులగము. వెదకు యంత్రములకు ఆ వార్తలు తెలుగుగ కానరావు. తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జున, ఈ చిక్కును విప్పుటకే ‘పద్మ’ అను పనిముట్టును వ్రాసి, పత్రికల సొంత ఫాంటులనుండి యూనికోడునకు మార్చు మార్గము కల్పించెను. సొంతముగ నిర్మించుకొన్నది సొంతదారునికే సంకెల యగుట యన నిదియే. అదే కాలమున, 2006 ప్రాంతమున, ‘లేఖిని’ యను తెలుగు టైపు పనిముట్టులో టైపు చేసి బ్లాగరులోనో వర్డ్‌ప్రెస్‌లోనో తెలుగు వ్రాసినవారి వ్రాతలు నేటికిని ఎక్కడికి తీసికొనిపోయినను తెలుగుగనే తెరచుకొనుచున్నవి.

ఇట్టి సంకెల చిన్న సైట్లలో మరింత దీనమైన రూపమున కనబడును. సొంత కోడుతో నడచిన ఒక పాఠశాల సైటును మార్చుటకు డేటాబేసు తెరచి చూడగా, పట్టిక ‘లాటిన్1’ అను అమరికలో నుండెను. పశ్చిమ యూరపు భాషలకు మాత్రమే చాలు ఆ పట్టికలో తెలుగు వ్రాతలు పడినప్పు డొక్కొక్క గుర్తునకు నొక్కొక్క ప్రశ్నార్థకము మిగిలినది. వార్షికోత్సవ నివేదిక యంతయు ప్రశ్నార్థకముల బారులే. అక్షరములు దాగియుండలేదు, నశించినవి. వానిని తిరిగి తెచ్చు విద్య యెవరి యొద్దను లేదు.

రెడీమేడన్నంత మాత్రమున అభయము దొరకినదని కూడ తలపరాదు. ఒకనాడు బ్లాగరులకు ప్రీతిపాత్రమైన మూవబుల్ టైప్ అను బ్లాగు సాఫ్ట్‌వేరు, 2004 మే నెలలో మూడవ ప్రతితో పాటు క్రొత్త లైసెన్సు ధరలను ప్రకటింపగా, వాడుకరులు పెక్కుమంది వర్డ్‌ప్రెస్‌నకు తరలిరి. 2017 ప్రారంభమున వర్డ్‌ప్రెస్ 4.7లోని యొక లోపముచే లక్షలాది పుటలు చెరుపబడినవి. తనంతట తాను అప్‌డేట్ అగు ఏర్పాటును నిలిపివేయనివారు మాత్రము ముందుగనే గట్టెక్కిరి. 2024 సెప్టెంబరులో ములెన్‌వెగ్‌నకును డబ్ల్యుపి ఇంజిన్ అను హోస్టింగు కంపెనీకిని వివాదము ముదిరి, ఆ కంపెనీకి వర్డ్‌ప్రెస్ కేంద్ర సర్వర్ల ద్వారము మూయబడినది. డిసెంబరులో కాలిఫోర్నియా న్యాయస్థానము తెరువుమనవలసి వచ్చినది. ఒక్క మనిషి చేతిలో తాళము లుండుట చిరాగ్ అలీ లేన్‌లోనే గాదు, శాన్‌ఫ్రాన్సిస్కోలోను ప్రమాదకరమే. అయినను అంత రభసలోను ఎవరి వ్రాతలును ఎవరును లాగుకొనలేకపోయిరి. ఎగుమతి మీట యథాస్థానమున నుండెను, కోడు అందరిదిగనే యుండెను.

ప్రభుత్వమే యీ విషయమున నొక నిర్ణయమునకు వచ్చినది. చాలకాలము నాంపల్లి స్టేషన్ రోడ్డున నెలకొనియుండిన హైదరాబాదు జిల్లా కలెక్టరేటు వెబ్‌సైటు, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరువారు జిల్లాలన్నిటికొరకు సిద్ధపరచిన ‘ఎస్3వాస్’ చట్రములోనిది. ఒక జిల్లా సైటు చూచినవానికి మరియొక జిల్లా సైటులో దారి తెలియును. అందము కొంత తక్కువ యని పెదవి విరుచువారు లేకపోలేదు. ధ్రువపత్రముకొరకు వెదకువానికి అందముతో పనియేమి?

సొంతముగ వ్రాయింపదగినవి లేవా యన్న, కలవు. ఆ నాంపల్లిలోనే విద్యాభవన్‌లో ఇంటర్మీడియట్ బోర్డున్నది. ఫలితములు వెల్లడియగు నాడు లక్షలాది విద్యార్థులు ఒకే గంటలో హాల్‌టికెట్టు సంఖ్య నొత్తుదురు. అది బ్లాగు పని గాదు, దానికై ప్రత్యేకముగ నిర్మింపవలసినదే. వర్తకుని సరకుల లెక్కతో ముడివడిన ఆర్డర్లును అట్టివే. వ్యాపారమునకు ప్రాణమైన భాగమును వ్రాయించుము, ప్రకటనల భాగమును వ్రాయింపకు మని నేను క్లయింటునకు చెప్పుదును. ఏది యెంచుకొన్నను ఒప్పందపు పత్రమున డొమైను తన పేర, హోస్టింగు తన ఈమెయిలు మీద, ప్రధాన పాస్‌వర్డు తన యొద్ద, ప్రతి మాసమును డేటాబేసు ప్రతి తనకు నని వ్రాయించుకొనవలయును. డొమైను డెవలపరు పేర నుండి, విభేదము వచ్చినప్పుడు సొంత దుకాణపు పేరునే మరల కొనుక్కొనవలసి వచ్చిన యజమానులు గలరు.

ఇట్లన్నచో మా జీవనోపాధి యేమగునని యువకు లడుగుదురు. వారికి పని యున్నది, అదియు తెలుగులోనే యున్నది. వర్డ్‌ప్రెస్‌లో వ్యాసపు చిరునామాకు డేటాబేసున 200 స్థానములే కలవు. ఆంగ్లాక్షరమున కొకటి చాలగా, తెలుగు గుర్తునకు తొమ్మిది స్థానములు పట్టును; పైగా గుణింతమును పొల్లును వేర్వేరుగ లెక్కకు వచ్చును. ‘సాహిత్య’ యను మూడక్షరములు ఏడు గుర్తులు, అనగా 63 స్థానములు. అట్టివి మూడు పదములు కాగానే నాలుగవది తెగిపడును. వెదకుటయు నంతే: ‘పుస్తకం’ అని వెదకినవానికి ‘పుస్తకాలు’ దొరకవు. విభక్తియు బహువచనమును ఎరిగిన వెదకు ప్లగిన్ ఒకటి, తెలుగు శీర్షికకు పొట్టి చిరునామా నిచ్చునది మరియొకటి, చక్కగ పనిచేయునట్లు వ్రాయగలవానికి ఒక్క క్లయింటు గాదు, తెలుగు సైటు నడపు ప్రతివాడును క్లయింటే. లాగిన్ పుటను నూరవసారి వ్రాయుచు గడపు మాసమును ఈ పనికి వెచ్చింపవచ్చును.