ఇంటిల్లిపాదీ మేలుకుని ఉండే పూట

ఎంగిలిపూల బతుకమ్మ దగ్గర పడిందంటే గోదావరిఖనిలో టీ కొట్టు దగ్గరైనా, బొగ్గుబాయి మీద మస్టర్ (హాజరు) పడే చోటైనా ఒకటే ముచ్చట: ఈసారి లాభాల్లో ఎంత శాతం ఇస్తరు? దసరాకు ముందు లాభాల వాటా, దీపావళికి ముందు బోనస్. జీతం గాక కార్మికుడి చేతికి వచ్చే పెద్ద మొత్తాలు ఈ రెండే. 2024లో సింగరేణి కార్మికులకు లాభాల్లో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు ప్రకటించారు. మరుసటి ఏడాది 34 శాతం ప్రకటించారు. ఆ డబ్బు ఖాతాల్లో పడ్డ వారం లక్ష్మీనగర్ బట్టల దుకాణాల్లో అడుగు పెట్టే సందు ఉండదు.

ఆ డబ్బును తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అది భూమి అడుగున కార్చిన చెమట. దాంతో పిల్లల ఫీజులు కడతారు, బిడ్డ పెళ్లికి చేసిన అప్పులో కొంత తీరుస్తారు, ఊళ్లో అమ్మానాన్నలకు కొత్తబట్టలు తీసుకెళ్తారు. కానీ బొగ్గుబాయి ఇళ్లలో డబ్బుకన్నా ఎక్కువ కరువు మరొకదానికి ఉంది. ఇంట్లో ఉన్నవాళ్లందరూ ఒకే వేళకు మేలుకుని, ఒకే చోట కూర్చునే పూట ఇక్కడ బహు అరుదు. పండుగ దినాల్లో మనం అన్నిటికన్నా ముందు కాపాడుకోవాల్సింది ఆ పూటనే.

బాయి ఎరగని వాళ్లకు ఈ మాట అర్థం కావాలంటే షిఫ్టుల సంగతి తెలియాలి. పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 3 వరకు ఫస్ట్ షిఫ్ట్, 3 నుంచి రాత్రి 11 వరకు సెకండ్ షిఫ్ట్, 11 నుంచి తెల్లారి 7 వరకు నైట్ షిఫ్ట్. వారం తిరిగేసరికి షిఫ్ట్ మారుతుంది. దాంతోపాటే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించే వేళ, పిల్లలు గట్టిగా నవ్వగలిగే వేళ కూడా మారిపోతాయి. సెకండ్ షిఫ్ట్ వారమైతే పిల్లలు బడి నుంచి వచ్చేసరికి తండ్రి బాయిలో ఉంటాడు, ఆయన వచ్చేసరికి వాళ్లు నిద్రలో ఉంటారు. నైట్ షిఫ్ట్ వారమైతే పగలంతా తలుపులు దగ్గరగా వేసి, టీవీ గొంతు తగ్గించి, కుక్కర్ కూత వేసినా ఉలిక్కిపడాల్సిందే. ఒకే క్వార్టర్‌లో ఉంటూ ఒకరినొకరు ఆరు రోజులు సరిగా చూసుకోని కుటుంబాలు ఈ కాలనీల్లో వరుసగా కనిపిస్తాయి.

బతుకమ్మ సాయంత్రాల పండుగ. ఆడే ప్రతి రోజూ పొద్దు వాలాకే ఆట మొదలవుతుంది. సరిగ్గా ఆ వేళకే సెకండ్ షిఫ్ట్ వాళ్లు క్యాప్ ల్యాంపు పెట్టుకుని లోపల పనిలో ఉంటారు. ఆ వారం పడ్డవాళ్లకు కూతురు ఏ చీర కట్టిందో, ఎంత ఎత్తు బతుకమ్మ పేర్చిందో మరునాడు ఫోన్‌లో ఫొటో చూస్తే గానీ తెలియదు. అందుకే ఇక్కడి ఆడవాళ్లు పండుగను షిఫ్టుకు తగ్గట్టు జరుపుకోవడం నేర్చుకున్నారు.

మా వీధిలో ఒక ఇంట్లో చూసిన సంగతి చెబుతాను. సద్దుల బతుకమ్మ రోజు. ఆయనకు ఆ వారం నైట్ షిఫ్ట్. తెల్లారి బాయి నుంచి వస్తూ చెరువు కట్ట మీద బండి ఆపి తంగేడు పూలు తెంపి, టిఫిన్ సంచిలో పట్టినన్ని కుక్కి, మిగతా కొమ్మలు హ్యాండిల్‌కు కట్టుకుని వచ్చాడు. స్నానం చేసినా కనురెప్పల అంచున బొగ్గు నలుపు పోలేదు, కాటుక పెట్టినట్టే ఉంది. పడుకోమని భార్య చెప్పినా వినకుండా అరుగు మీద చతికిలబడ్డాడు. ఆమె గునుగు కాడలను ఒకే కొలతకు కోస్తోంది. కూతురు వాటి కొసలను గులాబీ రంగు నీళ్లలో ముంచి ఎండలో పరుస్తోంది. తంగేడు పూలను గుప్పెడు గుప్పెడుగా కట్టి అందించడం ఆయన వంతు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, చుట్టూ వరస మీద వరస పేరుస్తున్నారు.

"బాపూ, గా వరస వంకర పోయింది."

"నువ్వే సరిజెయ్యి బిడ్డా. నీ లెక్క నాకు చేతనైతదా?"

పూలు నడుమెత్తు దాటేసరికి ఆయన గోడకు ఆనుకుని నిద్రపోయాడు. ఎవరూ లేపలేదు. పైన పసుపు గౌరమ్మను పెట్టేటప్పుడు మాత్రం కూతురు భుజం తట్టి లేపింది. సాయంత్రం ముగ్గురూ కలిసి ఆటకు వెళ్లారు, కూర్చుని సద్దులు తిన్నారు. రాత్రి పదింటికి ఆయన మళ్లీ డ్యూటీకి బండి తీశాడు. ఆ పొద్దున ఆ ఇంట్లో అయిన ఖర్చు రంగు పొట్లం ఒక్కటే. ఆ పిల్ల మాత్రం బాపు తెచ్చిన తంగేడు పూల ముచ్చట వారం రోజులు వీధంతా చెప్పుకుంది.

చేతిలో డబ్బు లేని దసరా కూడా ఈ ఊరికి తెలుసు. 2011 సెప్టెంబర్ 13న తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. నీళ్లు తోడటం లాంటి అత్యవసర పనులు తప్ప బాయిలన్నీ ఆగిపోయాయి. అక్టోబర్ 6న దసరా వచ్చింది. జీతం లేదు. కిరాణా కొట్లలో ఖాతాలు పెరిగాయి, చాలా ఇళ్లలో పుస్తెలు తప్ప మిగతా బంగారం కుదువకు పోయింది. ఆ కష్టాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు. కానీ ఆ ఏడాది మూడు షిఫ్టుల వాళ్లూ ఒకేసారి ఇళ్లలో ఉన్నారు. రోడ్ల మీదే వంటావార్పు, రోడ్ల మీదే బతుకమ్మ. ఆ రోజుల గురించి అడిగితే పెద్దవాళ్లు అప్పులతో పాటు ఆ మాట కూడా చెబుతారు. "అందరం ఒక్కకాడ ఉన్నం" అంటారు.

అంతకు ముందు తరం తట్టా చెమ్మస్ (పార) పట్టి టబ్బుల్లోకి బొగ్గు నింపింది. నింపిన బొగ్గును బట్టే కూలి కాబట్టి ఫిల్లర్‌కు పండుగ పూట ఇంట్లో ఉండటమంటే కూలి పోగొట్టుకోవడమే. ఇప్పుడు దసరాకు వేతనంతో కూడిన సెలవు ఉంది, ఆ వేతన సెలవు (పీహెచ్‌డీ) నాడు పనిచేస్తే అదనపు వేతనం ఉంది. అవి పోరాడి సంపాదించుకున్న హక్కులు. అదనపు వేతనం కోసం పండుగ రోజూ మస్టర్ పడాలని ఆశపడే తమ్ముళ్లను నేను తప్పుపట్టను. ఇంటి అవసరాలు ఇంటివాళ్లకే తెలుసు. కానీ ఏటా ఆ డ్యూటీకి పరుగెత్తే ముందు ఒక్కసారి ఇంట్లో పిల్లలను అడగండి. వాళ్ల సమాధానం కూడా లెక్కలోకి తీసుకోండి.

ఎందుకంటే ఈ ఊళ్లో మనిషి డ్యూటీ దిగి ఇల్లు చేరడం మామూలు విషయం కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. బాయి దిగేముందు మైసమ్మకు మొక్కని కార్మికుడు లేడు. షిఫ్ట్ దిగే వేళ దాటి పావుగంట అయినా బండి చప్పుడు వినపడకపోతే గడప దాకా వచ్చి చూడని ఇల్లాలు లేదు. ఆ చప్పుడు వినగానే ఆమె ఊపిరి పీల్చుకునే క్షణం రోజూ వస్తుంది. దాన్ని రోజూ వచ్చేదే కదా అని వదిలేయకుండా సంతోషంగా గుర్తించగలిగితే, ఆ ఇంట్లో పండుగకు తిథి చూడాల్సిన పని ఉండదు.

ఇంకో మార్పు కూడా మన కళ్లముందే జరుగుతోంది. 1990ల తొలినాళ్లలో సింగరేణిలో లక్షమందికి పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల ఉన్నారు. తండ్రి చేసిన కొలువు ప్రతి కొడుకుకూ దొరికే రోజులు పోయాయి. పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో, సముద్రాల అవతల ఉన్నారు. రామగుండం స్టేషన్‌లో రైలు దిగి, బ్యాగులతో ఆటో ఎక్కి ఇల్లు చేరితే వాళ్లు ఉండేది రెండు మూడు రోజులు. అందులో ఒక పూట షాపింగ్‌కు, ఒక పూట స్నేహితులకు, మిగతాది ఫోన్‌కు పోతే తల్లిదండ్రులకు మిగిలేదేమిటి? పాత క్వార్టర్‌ గురించి, తొలిసారి బాయి దిగిన రోజు గురించి నాన్నను అడిగి చెప్పించుకోండి. మలీద ముద్దలు అమ్మతో కలిసి కట్టండి. జమ్మి ఆకు ముందు పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కండి, ఫొటో తర్వాత తీసుకోవచ్చు.

ఇళ్ల బాధ్యత ఎంతో కంపెనీ బాధ్యతా అంతే. దసరా రోజైనా బాయిలో నీళ్లు తోడాలి, ఫ్యాన్లు తిరగాలి, ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి బొగ్గు అందాలి. ఎవరో ఒకరు డ్యూటీలో ఉండక తప్పదు. ఎవరు ఉండాలో నెల ముందే రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. నిరుడు పండుగ పూట డ్యూటీ చేసినవాళ్లకు ఈసారి ఇంట్లో ఉండే అవకాశం ముందు రావాలి. సద్దుల బతుకమ్మ నాడు సెకండ్ షిఫ్ట్ పడ్డవాళ్లు సాటివాళ్లతో షిఫ్ట్ మార్చుకుంటామంటే అధికారులు కాదనకూడదు. వీటికి కోట్లు అక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట కాంట్రాక్ట్ కార్మికుల గురించి. 2024లో మొదటిసారి వాళ్లకూ పండుగకు తలా 5,000 రూపాయలు ఇచ్చారు. 2025లో 5,500. వాళ్ల చెమట ముందు అది చిన్న మొత్తమే అయినా, వాళ్లూ ఈ కుటుంబంలో వాళ్లేనని ఒప్పుకున్నందుకు సంతోషించాలి. అదే లెక్కన పండుగ పూట ఇంట్లో ఉండే హక్కులో కూడా వాళ్లకు సమాన వాటా దక్కాలి. పర్మినెంట్ కార్మికుడి కూతురికి, కాంట్రాక్ట్ కార్మికుడి కూతురికి బతుకమ్మ ఒకటే. ఇద్దరికీ నాన్న పక్కన ఉండాలి.

లాభాల శాతం గురించి యూనియన్లు గట్టిగా అడుగుతాయి, అడగాలి కూడా. ఆ జాబితాలో ఈ ఏడాది పండుగ డ్యూటీల పంపకాన్ని కూడా చేర్చమని నా విన్నపం. ఇళ్లలోని వాళ్లను కోరేది ఇంకా చిన్నది. ఈ దసరాకు గోడమీది క్యాలెండర్ తీసి, ఇంట్లో అందరి షిఫ్టులు, సెలవులు, రైళ్ల వేళలు దాని మీద రాయండి. అందరికీ కుదిరే ఒక పూటను వెతికి సున్నా చుట్టండి. అది మధ్యాహ్నం మూడున్నరైనా, తెల్లవారుజామైనా సరే, పండుగ వంట ఆ వేళకే వడ్డించండి.