ఈతకొలనులో ఆటకూ, పోటీకీ చోటుండాలి

వేసవి సెలవులు ఇచ్చారంటే శేరిలింగంపల్లి, నల్లగండ్ల పరిసరాల పిల్లల ధ్యాసంతా నీళ్లమీదే. ఒకప్పుడు ఈ ఊళ్లలో ఈత నేర్పడానికి మాస్టర్లు లేరు. నడుముకు బెండు కట్టి మేనమామో, అన్నో వ్యవసాయ బావిలోకి దింపేవాడు. నాలుగు రోజుల్లో ఈత వచ్చేది. ఆ బావులు చాలావరకు పూడిపోయాయి. నగరం ఊళ్లను కమ్ముకున్నాక చెరువుల్లోకి మురుగు చేరింది. కొత్తగా లేచిన పెద్ద పెద్ద భవనాలవారికి ఎవరి ఈతకొలను వారికి ఉన్నది. పాత ఊరి పిల్లలకు మాత్రం అవి గోడ అవతలి నీళ్లు. వారికి దిక్కు ప్రభుత్వ కొలనులే.

2002 జాతీయ క్రీడలకూ, 2003 ఆఫ్రో-ఆసియా క్రీడలకూ ఈత పోటీలు జరిగిన గచ్చిబౌలి కొలను ఈ ఊళ్లకు దగ్గరలోనే ఉన్నది. అటువంటి కొలనుల్లో వేసవి వచ్చేసరికి ఇరుపక్షాల మధ్య తగవు తప్పదు. క్లబ్బు తరఫున పోటీపడే కుర్రవాడు 1500 మీటర్లు ఈదాలంటే 50 మీటర్ల కొలనులో 30 సార్లు ఈ దరి నుంచి ఆ దరికి ఆగకుండా పోవాలి. నెల రోజుల శిబిరానికి వచ్చిన పిల్లలు అడ్డం పడితే సాధన సాగదు సరికదా, తలలు ఢీకొనే ప్రమాదం కూడా ఉన్నది. పైగా వేసవి దాటిన రెండు నెలలకే పెద్ద పోటీలు. 2023లోనూ, 2024లోనూ జూనియర్ జాతీయ పోటీలు భువనేశ్వర్‌లో ఆగస్టు నెలలోనే జరిగాయి. శిక్షకుల తొందర అకారణం కాదు.

అయినంత మాత్రాన సరదాకు వచ్చిన పిల్లవాణ్ణి గట్టుకు నెట్టడం న్యాయం కాదు. మన దేశంలో ఏటా ముప్పై వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారు. చెరువులూ, క్వారీ గుంతలూ ఉన్న జిల్లాలో ఈత రావడం పతకానికన్నా ముందు ప్రాణానికి అవసరం.

అసలు ఈ రెండింటికీ వైరం పెట్టడమే పొరపాటు. అమెరికాలో వీధి వీధికీ వేసవి ఈత బృందాలు ఉంటాయి. రెండు నెలలు ఆటపాటలతో ఈది, సరదాగా పందేలు వేసుకుంటారు. కేటీ లెడెకీ ఆరేళ్ల వయసులో అటువంటి బృందంలోనే చేరింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచేనాటికి ఆమెకు 15 ఏళ్లు. వేసవి సరదాగా మొదలైన ఈత ఆమెను పోటీకి దూరం చేయలేదు.

మన దగ్గర పన్నెండేళ్లు నిండకముందే ఏదో ఒకటి తేల్చుకొమ్మని పిల్లలమీద ఒత్తిడి తెస్తున్నారు. తెల్లవారుజామున లేపి, ఏడాది పొడవునా ఈదించి, భుజాల నొప్పి అంటే వినిపించుకోని తల్లిదండ్రులు లేకపోలేదు. తీరా పదో తరగతి రాగానే, పరీక్షలున్నాయంటూ మాన్పించేదీ వారే! క్లబ్బు పిల్లలకు కూడా వారంలో ఒక పూట గడియారం లేకుండా నీళ్లలో ఆడుకునే వీలుండాలి. శిబిరంలో చురుకైన వారిని గమనించి, ఇష్టమైతేనే పోటీ జట్టుకు పిలవాలి.

క్రీడా శాఖ అధికారులు తలచుకుంటే ఇది పెద్ద ఖర్చు వ్యవహారం కాదు. తెల్లవారుజాము వేళ పోటీ పిల్లలకు విడిచిపెట్టవచ్చు. సాయంత్రం రద్దీలో రెండు వరుసలను తాళ్లతో వేరుచేసి వారికి ఇచ్చి, తక్కినది శిబిరానికి ఉంచవచ్చు. లోతు తక్కువ వైపు కొత్తవారికే కేటాయించాలి. అక్కడ కాపలాకు ఈత వచ్చిన మనిషి ఎప్పుడూ ఉండి తీరాలి. ఆడపిల్లలకు మహిళా శిక్షకురాలు ఉంటేనే పల్లె తల్లులు పంపుతారు. ఈ వేళలన్నీ మార్చి నెలాఖరుకే ఖరారు చేసి, రుసుముతో సహా తెలుగులో రాసి గేటు దగ్గరా, ఊరి పాఠశాలల్లోనూ అంటించవలసి ఉన్నది. శిబిరం సగం గడిచాక తెలిస్తే ఊరి పిల్లలకు అందేది మిగిలిన సగమే.