తొలి క్యాంపర్... పెట్టెతోనే మొదలు!

నార్కట్‌పల్లి చౌరస్తాలో 'క్యాంపర్' అంటే చాలామందికి గుర్తొచ్చేది బొలెరో క్యాంపరే. ముందు మనుషులు, వెనుక తొట్టిలో సామాను. ఇప్పుడు ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఇళ్లలోకి వచ్చేసింది. బండిలోనే పడక, పొయ్యి, నీళ్లు, ఫ్యాను. ఎక్కడ పొద్దుగూకితే అక్కడే మకాం! సెల్‌ఫోన్‌లో అలాంటి బండిని చూసిన పిల్లలు 'మనం గూడ కొందాం డాడీ' అంటారు. ధర అడిగిన డాడీ గుండె జారిపోతుంది. కొందరేమో ఆ ఉత్సాహంలోనే అప్పు చేసి పాత వ్యాను కొంటారు, వెల్డింగ్ షాపులో కోయిస్తారు... ఆ తర్వాత ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరుగుతారు.

అంత దూరం పోకుండానే కుటుంబమంతా బండిలో విహారం చేయలేదా? చేయొచ్చు. కాకపోతే కొనుగోలుతో కాదు, లెక్కలతో మొదలుపెట్టాలి.

బండి అదే... పైకప్పే వేరు

నిజానికి ఇదేం కొత్త ముచ్చట కాదు. వారమంతా ఎరువు మోసిన ఎడ్లబండికే పైన తడకో పట్టానో కట్టి, లోపల గడ్డి పరిచి, గిన్నెలూ బియ్యం సర్దుకుని జాతరకు బయల్దేరేవారు మన పెద్దలు. మేడారమైనా, పక్కనే ఉన్న చెర్వుగట్టయినా చెట్టు కిందే వంట, బండిలోనే నిద్ర. జాతర అయిపోయాక పైకప్పు విప్పేస్తే అది మళ్లీ పొలం బండే!

సరిగ్గా ఇదే ఆలోచన జర్మనీలో ఇంకోలా పుట్టింది. ఫోక్స్‌వ్యాగన్ వ్యాను కోసం 1951లో వెస్ట్‌ఫాలియా అనే సంస్థ 'క్యాంపింగ్ బాక్స్' తయారుచేసింది. అదో పెట్టె. వారాంతంలో వ్యానులో పెడితే పడక, బల్ల సిద్ధం. సోమవారం తీసేస్తే వ్యాను మళ్లీ పనిలోకి. రెండు బండ్లు కొనే స్తోమత లేని కుటుంబాలకు అదో వరం. ఇప్పుడు ప్రపంచమంతా కోట్లు పెట్టి కొంటున్న క్యాంపర్ల వెనుక ఉన్నది ఆ పెట్టే. తొలి క్యాంపర్ కోసం చూస్తున్న మధ్యతరగతి ఇంటికి ఇప్పటికీ అదే సరైన దారి.

ముందు రాత్రులు లెక్కపెట్టండి

క్యాంపర్ ఎంతకు వస్తుంది అన్నది రెండో ప్రశ్న. ఏడాదిలో ఎన్ని రాత్రులు అందులో పడుకుంటారు అన్నది మొదటిది. దసరా, సంక్రాంతి, ఓ రెండు వారాంతాలు... బడి పిల్లలున్న ఇంట్లో ఎంత గుంజినా ఆరేడు రాత్రులకు మించవు. ఎండాకాలం సెలవులు ఉన్నాయిగా అంటారా? మే నెల నల్గొండ ఎండలో ఇనుప డబ్బాలో నిద్ర ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు!

ఉదాహరణకు ఏడాదికి ఆరు రాత్రులు, గది అద్దె రోజుకు రెండు వేలు అనుకుందాం. ఏడాదికి 12 వేలు. బండిని క్యాంపర్‌గా మార్చడానికి 3 లక్షలు పెడితే అద్దె రూపంలో ఆ డబ్బు తిరిగి రావడానికి 25 ఏళ్లు! అప్పటికి పిల్లలకే పిల్లలు పుడతారు. అదే 25 వేలలో పెట్టె, పరుపు, ఫ్యాన్లు, గుడారం సమకూర్చుకుంటే రెండేళ్లు తిరిగేసరికి ఖర్చు గిట్టుబాటవుతుంది. కాబట్టి మీ రాత్రులు, మీ ఊళ్లో ధరలు వేసుకుని ఈ లెక్క ఒకసారి కాగితం మీద పెట్టండి.

పెద్ద క్యాంపర్ మీద మోజు తీరకపోతే కొనకుండా అద్దెకు తీసుకుని చూడొచ్చు. కేరళ ప్రభుత్వం 2021లో 'కేరవాన్ కేరళ' పేరుతో ప్రత్యేక విధానమే తెచ్చింది. మధ్యప్రదేశ్ పర్యాటక శాఖ కూడా కేరవాన్లు నడిపింది. రెండు రోజులు అందులో ఉంటే మనకేం అవసరమో, ఏది హంగో తెలిసిపోతుంది.

కోస్తే చిక్కే!

పాత వ్యాను కొని పైకప్పు ఎత్తు పెంచుదాం, సీట్లు పీకేసి మంచం వేద్దాం... తొలిసారి క్యాంపర్ అనుకునేవాళ్లకు మొదట వచ్చే ఆలోచనే ఇది. ఇక్కడే జాగ్రత్త పడాలి. మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ తయారుచేసిన వివరాలకూ, ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం గట్టిగా చెప్పింది. అసలు క్యాంపర్ కావాలంటే దానికో పద్ధతుంది. రిజిస్ట్రేషన్‌లో 'క్యాంపర్ వ్యాన్/ ట్రైలర్' అని విడిగా తరగతి ఉంది. సొంత వాడకానికి ఒకటి, కిరాయికి ఒకటి. అనుమతి పొందిన బాడీ బిల్డర్ దగ్గర కట్టించి, ఆర్సీలో ఎక్కించుకోవాలి. అది మన బడ్జెట్ దాటిపోయే పని.

మరి అనుమతి లేకుండా చేయించుకుంటే ఏమవుతుంది? ఏమీ జరగనంతకాలం ఏమీ కాదు. ప్రమాదం జరిగిన రోజు మాత్రం బీమా కంపెనీ మొదట అడిగేది ఆర్సీనే. పైసా పైసా కూడబెట్టి కట్టిన ప్రీమియం అక్కరకు రాకుండా పోవచ్చు.

ఇంకో పొరపాటు... పెళ్లికి వెళ్లినట్టు డీసీఎంలోనో, ట్రాలీలోనో పరుపులేసుకుని బయల్దేరడం. సరుకుల బండిలో ఊరికే ఎక్కించుకున్నవారికి థర్డ్ పార్టీ బీమా వర్తించదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. చవగ్గా వస్తుందని చూసుకుంటే ఇంటిల్లిపాదినీ రక్షణ లేకుండా రోడ్డెక్కించినట్టే.

పెట్టె పద్ధతిలో ఈ బాధలేవీ లేవు. బండికి రంధ్రం పెట్టరు, సీటు పీకరు, ఆర్సీ మారదు. ఇల్లు చేరాక దింపేస్తే అది సామానే.

టేపు పట్టుకుని వెళ్లండి

ఏ బండి మంచిది? ఇప్పటికే ఇంట్లో ఉన్నదే మంచిది! లేదు, ఎలాగూ బండి కొనాలి అనుకుంటే నిలువుగా, డబ్బాలా ఉన్నది చూసుకోవాలి. మారుతీ ఓమ్ని 1984లో వచ్చి 2019లో ఆగిపోయింది. పాతవి ఇంకా చేతులు మారుతున్నాయి. 2010లో వచ్చిన ఈకో మరో ఎంపిక. దాని పొడవు 3,675 మిల్లీమీటర్లు, వెడల్పు 1,475. అంటే బయటి వెడల్పే ఐదడుగుల లోపు. లోపల నాలుగడుగుల పరుపుకు మించి ఆశించొద్దు. ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి అక్కడ పడక కుదరదు. సీఎన్జీ రకంలో వెనుక సామాను చోటును సిలిండర్ తినేస్తుంది. గ్యాసు ఖర్చు తక్కువని అది కొంటే పెట్టెకు జాగా ఉండదు.

కొనేముందు వెనుక సీటు మడిచి, వెనుక తలుపు నుంచి ముందు సీటు వీపు దాకా టేపుతో కొలవండి. ఇంట్లో అందరికన్నా పొడుగ్గా ఉన్నవారిని అందులో పడుకోబెట్టి చూడండి. అమ్మేవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. పాత బండయితే ఆర్సీ గడువు, బీమా, అడుగున తుప్పు చూడాలి. టైరు మీద నాలుగంకెల గుర్తుంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైందని అర్థం. పైకి గాట్లు బాగున్నా అంత పాత టైరును నమ్ముకుని పిల్లల్ని ఎక్కించొద్దు.

తర్వాత బరువు. భార్యాభర్తలు 130 కిలోలు, నాయనమ్మ 55, ఇద్దరు పిల్లలు 60. మొత్తం 245. పెట్టె 50, పరుపులూ బట్టలూ 40, నీళ్లు 40, పొయ్యి సామాను 25, బ్యాటరీ 20. ఇవో 175. మొత్తం 420 కిలోలు! ఆర్సీలో బండి ఖాళీ బరువు ఉంటుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో గరిష్ఠ బరువు ఉంటుంది. రెంటి మధ్య తేడా ఈ లెక్కకన్నా ఎక్కువ ఉండాలి. లేకపోతే ఘాట్‌లో బ్రేకులు పరీక్షకు నిలబడాల్సి వస్తుంది.

ఐదుగురూ లోపలే పడుకోవడం మాత్రం కుదరని పని. నాయనమ్మ, పిల్లలు బండిలో, మిగతా ఇద్దరూ పక్కన గుడారంలో. తొలి క్యాంపర్‌కు ఈ సర్దుబాటు తప్పదు.

ఫ్యాను సరే... ఏసీ?

15 వాట్ల డీసీ ఫ్యాన్లు రెండు ఎనిమిది గంటలు తిరిగితే 240 వాట్-అవర్లు. రెండు చిన్న దీపాలకు 40, సెల్‌ఫోన్లకు 60. మొత్తం 340. 12 వోల్టుల 60 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 720. అందులో సగానికి మించి వాడితే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. సగమంటే 360. సరిగ్గా సరిపోయింది! ఇది విడి బ్యాటరీ అయితేనే. బండి బ్యాటరీనే వాడితే తెల్లారి తోసుకుంటూ వెళ్లాలి.

ఏసీ కావాలంటే కథ మారిపోతుంది. గంటకు వెయ్యి వాట్ల చొప్పున రాత్రంతా అంటే జనరేటరో, నడుస్తున్న ఇంజినో ఉండాలి. ప్రాణం పోయేది అక్కడే. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కేరవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారికి మెలకువే రాదు. కాబట్టి ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని అద్దాలు ఎక్కించి పడుకోవద్దు. లోపల పొయ్యి వెలిగించొద్దు, చలికని కుంపటి పెట్టొద్దు. వంట ఎప్పుడైనా బయటే. 5 కిలోల చిన్న సిలిండర్ చాలు. దాన్నీ, నీళ్ల క్యానునూ తాడుతో బిగించాలి. గట్టిగా బ్రేకు వేస్తే 20 లీటర్ల క్యాను బండరాయిలా వచ్చి పడుతుంది. కిటికీలు రెండు వైపులా కాస్త తెరిచి దోమతెర కట్టుకుంటే గాలీ ఆడుతుంది, దోమలూ రావు.

ఎక్కడ ఆపాలి?

బండిలో అన్నీ అమర్చినా ఆడవాళ్లు అడిగేది ఒక్కటే... 'తెల్లారి ఎక్కడికి పోవాలి?' ఆ ప్రశ్నకు జవాబు దొరికాకే ఆ రాత్రి మజిలీ ఖాయం చేసుకోవాలి. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీరు ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన. అయితే అన్నిచోట్లా ఒకేలా ఉండవు. పొద్దుండగానే వెళ్లి చూసుకోవాలి. గుళ్ల సత్రాలు, హరిత హోటళ్ల ఆవరణల్లోనూ అడిగి చూడొచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు మడతపెట్టే కమోడ్ కుర్చీ ఒకటి వెంట ఉంటే వాళ్లూ హాయిగా వస్తారు.

హైవే అంచున మాత్రం ఆపి పడుకోవద్దు. నిద్రమత్తులో వచ్చే లారీకి ఆగి ఉన్న బండి కనపడదు. అడవిలో అసలే వద్దు. హైదరాబాద్-శ్రీశైలం దారిలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలే నిషేధం.

మూడు రాత్రుల పరీక్ష

పెట్టె సిద్ధమయ్యాక నేరుగా గోవాకు బయల్దేరకండి. మొదటి రాత్రి మీ ఇంటి వాకిట్లోనే పడుకోండి. ఏది గుచ్చుకుంటోంది, ఏది మర్చిపోయాం అన్నది తెల్లారేసరికి తెలుస్తుంది. మధ్యలో లేచి ఇంట్లోకి వెళ్లిపోయినా అడిగేవారుండరు!

రెండో రాత్రి చెర్వుగట్టు. కొండమీద జడల రామలింగేశ్వరస్వామి గుడి, చుట్టూ భక్తులు. అమావాస్యకు వేలమంది అక్కడే నిద్ర చేస్తారు. ఆ రద్దీ లేని రోజు చూసుకోండి. ఏదైనా తేడా వస్తే ఇల్లు దగ్గరే.

మూడో రాత్రి నాగార్జునసాగర్. నల్గొండ మీదుగా సుమారు 80 కిలోమీటర్లు. దారిలో పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూపిస్తే గర్భగుడిలో పడే ఆ నీడ గురించి పిల్లలు దారంతా మాట్లాడుకుంటారు. మర్నాడు నాగార్జునకొండకు లాంచీ, ఆపైన ఎత్తిపోతల. తాగే నీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లడం మేలు. ఫ్లోరైడ్ చూసిన జిల్లావాళ్లకు ఆ మాట వేరే చెప్పక్కర్లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇందుకు మంచి కాలం.

ఈ మూడు రాత్రులూ గడిచాక ఇంట్లోవాళ్లందర్నీ కూర్చోబెట్టి అడగండి... మళ్లీ వెళ్దామా అని. నాయనమ్మ కూడా ఊ అంటే పెట్టెకు ఇంకో అర చేర్చండి. రెండేళ్లు తిరిగాక పెద్ద బండి సంగతి ఆలోచించొచ్చు. వద్దంటే నష్టమేమీ లేదు. పెట్టె ఇంట్లో దివాన్ అవుతుంది, ఫ్యాన్లు కరెంటు పోయినప్పుడు పనికొస్తాయి, బండి సోమవారం ఎప్పట్లాగే పనిలోకి వెళ్తుంది!