పదకొండు రోజుల జీతం

2016 అక్టోబరులో సౌదీ అరేబియా ప్రభుత్వం తన ఉద్యోగుల జీతాలకు క్యాలెండరు మార్చింది. అప్పటిదాకా హిజ్రీ నెలల ప్రకారం ఇచ్చే జీతాన్ని ఇకపై ఇంగ్లిషు నెలల ప్రకారం ఇస్తామంది. చాంద్రమాన సంవత్సరానికి దాదాపు 354 రోజులే, ఇంగ్లిషు సంవత్సరం కంటే 11 తక్కువ. మన పంచాంగమైతే మధ్యమధ్య అధికమాసం వేసి ఆ తేడాను సర్దేసుకుంటుంది. హిజ్రీలో ఆ ఏర్పాటు లేదు. అంటే పన్నెండు జీతాలు అందుకోవాలంటే ఉద్యోగి ఇదివరకటి కంటే 11 రోజులు ఎక్కువ పనిచేయాలి. ఎవరి జీతమూ కోసినట్టు కనిపించదు, ఖజానాకు మాత్రం మిగులుతుంది. ఈ ఉపాయం తట్టిన ఆర్థికశాఖ ఉద్యోగి ఎవరో గానీ, మన రాష్ట్రాల్లో అయితే పీఆర్సీ కమిటీలో వేసుకునేవారు.

చమురు మీద కూర్చున్న రాజ్యం పదకొండు రోజుల జీతం దగ్గర లెక్క చూసుకోవాల్సి రావడానికి కారణం తెలిసిందే. 2014 మధ్యలో బ్యారెల్ 115 డాలర్ల దాకా పలికిన చమురు 2016 జనవరిలో 30 డాలర్ల దిగువకు పడింది. ప్రభుత్వ ఆదాయంలో పదింట తొమ్మిది వంతులు దాని మీదే వచ్చేది. 2015 బడ్జెట్‌లో లోటు 36,700 కోట్ల రియాళ్లకు చేరింది. మంత్రుల జీతాల్లో 20 శాతం కోత పెట్టారు. ఉద్యోగుల అలవెన్సులు ఆపారు. ఏడు నెలలైనా తిరక్కుండా, 2017 ఏప్రిల్లో ఆ అలవెన్సులను రాజుగారే తిరిగి ఇచ్చేశారు. ఉద్యోగాలు చేసే సౌదీల్లో ఎక్కువమంది సర్కారు కొలువుల్లోనే ఉన్నప్పుడు, ఆ కోతను ఎంతోకాలం సాగదీయడం ఏ పాలకుడికైనా కష్టమే.

చమురు మీద ఆధారపడటం తగ్గించుకోవాలన్న ఆలోచన 2016 నాటి ‘విజన్ 2030’ సంస్కరణల ప్రణాళికతో పుట్టింది కాదు. 1970లో మొదలైన వారి తొలి పంచవర్ష ప్రణాళికలోనే ఆ మాట ఉంది. 1973–74లో చమురు ధర నాలుగింతలైంది, డబ్బు పోటెత్తింది. ఆ డబ్బుతో చేసిన పనుల్లో ఇప్పటికీ తలచుకోదగ్గది గోధుమ. చమురు ఆపి తాము ప్రపంచాన్ని ఇబ్బంది పెట్టినట్టే, ధాన్యం ఆపి ప్రపంచం తమను ఇబ్బంది పెడితే ఏం చేయాలన్న భయం ఒకటి వారికి పట్టుకుంది. అంతర్జాతీయ ధరకు ఎన్నో రెట్లు చెల్లించి రైతుల దగ్గర గోధుమ కొన్నారు. యంత్రాలకు, ఎరువులకు రాయితీలిచ్చారు. ఇసుకలో వేల అడుగుల లోతు నుంచి నీళ్లు తోడి, గుండ్రంగా తిరిగే తుంపర యంత్రాలతో పైరు పెట్టారు. విమానంలోంచి చూస్తే ఎడారి నిండా పచ్చటి చక్రాలు. 1990ల మొదట్లో ఏటా 40 లక్షల టన్నులు పండించి, ప్రపంచంలో ఆరో పెద్ద గోధుమ ఎగుమతిదారుగా నిలిచింది సౌదీ.

కానీ ఆ నీళ్లు వేల ఏళ్ల కిందట భూమిలోకి ఇంకినవి, మళ్లీ ఊరనివి. వేసిన బోరు ఎండిపోతే మరో వంద అడుగులు దింపి చూసిన అనంతపురం రైతుకో, మహబూబ్‌నగర్ రైతుకో ఈ కథ ముగింపు విడమరిచి చెప్పనక్కరలేదు. 2008లో ప్రభుత్వం తప్పు గ్రహించి కొనుగోళ్లు ఏటికేడు తగ్గించుకుంటూ వచ్చి, 2016లో ఆపేసింది. తర్వాత పరిమితంగా మళ్లీ అనుమతించినా పాత రోజులు రాలేదు. అక్కడి పెద్ద పాడి కంపెనీ అల్మరాయ్ 2014లో అమెరికాలోని అరిజోనాలో పదివేల ఎకరాల దాకా కొని, తన ఆవులకు అక్కడ గడ్డి పెంచి ఓడల్లో తెప్పించుకుంది. అరిజోనా కూడా ఎడారే.

చమురు నుంచి విడుదల అని పేరు పెట్టుకున్న ఆ గోధుమ సాగుకు పెట్టుబడి చమురుదే. ఒక గని మీద ఆధారపడటం మానడానికి మరో గనిని తవ్వి ఖాళీ చేశారు. తర్వాత వచ్చిన ప్రతి సంస్కరణనూ ఈ గోధుమ పక్కన నిలబెట్టి చూడటం మంచిదనిపిస్తుంది.

అప్పటి ఉప యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్ 2016లో విజన్ 2030 ప్రకటిస్తూ, 2020 నాటికి చమురు లేకపోయినా బతకగలమని ధీమాగా అన్నారు. 2020 రానే వచ్చింది, కోవిడ్‌ను వెంటబెట్టుకుని. చమురు ధర కూలింది. 2018లో 5 శాతంతో తెచ్చిన వ్యాట్‌ను జులైలో ఒక్కసారిగా 15 శాతం చేశారు. ఉద్యోగుల జీవన వ్యయ భత్యం ఆపేశారు. 2024 నాటికి బడ్జెట్ ఆదాయంలో చమురు వాటా 60 శాతం దగ్గరికి తగ్గిన మాట నిజం. అది చిన్న విషయమేమీ కాదు. కాకపోతే లోటు లేకుండా బడ్జెట్ గడవాలంటే బ్యారెల్ 90 డాలర్లకు పైనే ఉండాలని ఐఎంఎఫ్ 2024లో అంచనా వేసింది. ఖర్చు అలా పెరిగిపోయింది మరి.

ఆ ఖర్చులో అందరికీ తెలిసినది నియోమ్, అందులోని ‘ది లైన్’. 170 కిలోమీటర్ల పొడవున, 500 మీటర్ల ఎత్తున అద్దాల గోడల మధ్య 90 లక్షల మంది ఉండే నగరమన్నారు. 2030 నాటికి పూర్తయ్యేది రెండున్నర కిలోమీటర్ల లోపేనని 2024లో వార్తలొచ్చాయి. గోధుమకు ఇది మనవరాలు. చమురు డబ్బు ఆగిన రోజున ఇదీ ఆగుతుంది.

దాదాపు ఖర్చు లేకుండా జరిగిన మార్పు మరొకటి ఉంది. 2018 జూన్ 24న సౌదీ స్త్రీలకు కారు నడిపే హక్కు వచ్చింది. 2019లో 21 ఏళ్లు దాటిన స్త్రీ మగ సంరక్షకుడి అనుమతి లేకుండా పాస్‌పోర్టు తీసుకునే వీలు కలిగింది. 2016 ప్రాంతంలో స్త్రీలలో 20 శాతం కూడా ఉద్యోగాలవైపు వచ్చేవారు కాదు. 2030 నాటికి 30 శాతం చేరాలని పెట్టుకున్న లక్ష్యాన్ని ఏళ్ల ముందే దాటేశారు. ఇప్పుడది 35 శాతం దరిదాపుల్లో ఉంది. దుకాణాల్లో, బ్యాంకుల్లో, విమానాశ్రయాల కౌంటర్లలో వారే కనిపిస్తున్నారు. అడ్డు తీస్తే చాలు, చదువుకుని ఇంట్లో కూర్చున్నవారు బయటికి వచ్చారు. చమురు ధర 30కి పడినా వీరి జీతం ఇంటికి వస్తూనే ఉంటుంది. విజన్ మొత్తంలో గట్టిగా నిలబడే భాగం ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. ఆ కారు హక్కు కోసం పోరాడిన లుజైన్ అల్ హత్లూల్‌ను మాత్రం నిషేధం ఎత్తేయడానికి కొన్ని వారాల ముందే అరెస్టు చేశారు. 2021 ఫిబ్రవరి దాకా ఆమె జైల్లోనే ఉన్నారు. మార్పు మేమిచ్చినట్టుండాలి గానీ మీరడిగి తీసుకున్నట్టుండకూడదన్నది అక్కడి పద్ధతి. పన్నులు వచ్చాక కూడా ఆ పద్ధతి మారలేదు. 15 శాతం వ్యాట్ కట్టే పౌరుడికి పన్ను గురించి అడగడానికి ఓటు లేదు.

ఓటూ పౌరసత్వమూ రెండూ లేనివారిలో మనవాళ్లున్నారు. 2017 జులైలో విదేశీ ఉద్యోగుల కుటుంబసభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ల ఫీజు మొదలైంది. ఏటా వంద చొప్పున పెరిగి 2020కి 400 అయింది. భార్యా ముగ్గురు పిల్లలూ ఉంటే నెలకు 1,600 రియాళ్లు. రియాద్‌లో, జెడ్డాలో కాపురాలున్న హైదరాబాదీ కుటుంబాలు ఎన్నో ఆ రెండు మూడేళ్లలో సామాను సర్దుకున్నాయి. భర్త అక్కడ, పిల్లల చదువులు టోలిచౌకిలో. జగిత్యాల, నిజామాబాద్, కామారెడ్డి పల్లెల నుంచి వెళ్లినవారికి ఫ్యామిలీ వీసా మాటే లేదు కాబట్టి ఆ ఫీజూ లేదు. వారి గొడవంతా అకామా (నివాస అనుమతి), కఫీల్ (స్పాన్సరు చేసే యజమాని). 2021 మార్చిలో వచ్చిన కార్మిక సంస్కరణలతో, ఏడాది కాంట్రాక్టు పూర్తయ్యాక కఫీల్ అనుమతి లేకుండా వేరే కంపెనీకి మారే వీలు కలిగింది. మంచి మార్పే. అయితే ఇంటి పనివారిని, తోట పనివారిని, ఇళ్లలో డ్రైవర్లను, పశువుల కాపరులను ఆ సంస్కరణ నుంచి మినహాయించారు. మన పల్లెల నుంచి ఏజెంట్లు ఇలాంటి పనులకూ మనుషులను పంపుతారు.

2034 ఫుట్‌బాల్ ప్రపంచకప్ సౌదీలో జరగబోతోంది. ఐదు నగరాల్లో 15 స్టేడియాలు చూపించారు. వాటిలో చాలావరకు ఇంకా కట్టాల్సినవే, కాబట్టి ఏజెంట్లు మళ్లీ ఊళ్లకు వస్తారు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చే పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024లో తెచ్చింది. వెళ్లేవాడి చేతిలోని కాంట్రాక్టును బయల్దేరే ముందే తెలుగులో చదివి చెప్పే మనిషిని ఒక్కో మండల కేంద్రంలో కూర్చోబెట్టడానికి అంతకంటే తక్కువే అవుతుంది.