నెగటివ్ సంగతి ఎవరడుగుతారు?

కావలిలో మా బ్యాచ్ కలిస్తే ఇప్పటికీ ఒకటే పందెం: వచ్చే పుట్టినరోజుకి ఏ హీరో సినిమా 4కెలో దిగుతుంది? 2022లో ‘పోకిరి’, ‘జల్సా’ మళ్ళీ వచ్చాక ఈ పిచ్చి ముదిరింది. నేనూ థియేటర్లో కాగితాలు విసిరినవాణ్ణే. కానీ ఆ 4కె దేన్నుంచి తీశారని ఒక్కడూ అడగడు. నెగటివ్‌ని శుభ్రం చేసి స్కాన్ చేస్తే పునరుద్ధరణ. డీవీడీ ఫైల్ని సాఫ్ట్‌వేర్‌తో సాగదీస్తే మేకప్. లేని వివరాన్ని ఊహించి పూయడమే అది.

మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) చూద్దామంటే ప్రింటే లేదు. మన రమణారెడ్డి చిన్నమయ్యగా నవ్వించిన ‘మాయాబజార్’ (1957)కి 2010లో రంగులద్దగలిగారంటే, రీళ్ళు మిగిలాయి కాబట్టే.

ఏది వస్తుందని కాదు, ఏది మిగిలిందని అడుగుదాం. డబ్బాలో వెనిగర్ వాసన మొదలైన రీలు ఏ హీరో పుట్టినరోజు కోసమూ ఆగదు.