దారి మళ్లింది, బజారు మళ్లలేదు

బైపాస్ పడితే ఊరి బజారు పడిపోతుందని వర్తకులు భయపడటం సహజం. నందిగామలో ఆ భయం సగమే నిజమైంది. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి ఒకప్పుడు ఊరి మధ్యగా పోయేది. లారీలు, రాత్రి బస్సులు ఆగినంతసేపు టీ హోటళ్లకు, పంక్చర్ షాపులకు, పండ్ల బండ్లకు గిరాకీ ఉండేది. దారి ఊరి బయటకు మళ్లాక ఆ గిరాకీ కూడా దానితోపాటే పోయింది. బట్టల కొట్లు, విత్తనాలు, ఎరువుల షాపులు, మందుల దుకాణాలు మాత్రం నిలిచాయి. వాటిని పోషించింది దారిన పోయేవాడు కాదు, చుట్టుపక్కల పల్లెల రైతు.

ఈ సంగతి జగ్గయ్యపేటకు ముందే తెలుసు. బేతవోలు అనే పల్లె దగ్గర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేర వెలయించిన పేట అది. పేట అంటేనే వర్తకం జరిగే చోటు. జాతీయ రహదారి చిల్లకల్లు మీదుగా పోతుంది, పేట కాస్త లోపలికి ఉంటుంది. అయినా ఆ బజారు తరాల తరబడి నిలిచింది. 1967లో నీరు వదిలిన నాగార్జునసాగర్ ఎడమ కాల్వ తరువాత ఈ మెట్టకూ చేరడంతో పంటలు పెరిగాయి, పంటతోపాటు కొనుగోళ్లూ పెరిగాయి.

కనుక ఇప్పుడు భయపడవలసింది బైపాస్‌ను చూసి కాదు, పల్లె మనిషి బజారుకు రావడం మానేస్తాడేమోనని. కావలసిన వస్తువు సెల్‌ఫోన్‌లో చెబితే ఇంటికే వస్తున్న రోజులివి. ఇలాంటప్పుడు బజారుకు వచ్చిన మనిషికి అక్కడ ఏం ఎదురవుతోంది? డ్రైనేజీ మీద దుకాణం సామాను, దాని ముందు మోటారు సైకిళ్లు, వాటి ముందు ఆటోలు. చంకలో బిడ్డతో వచ్చిన తల్లి నడిరోడ్డున నడవాలి. మరుగుదొడ్డి ఎక్కడుందో అడగాలంటే ఆడవారికి మొహమాటం. ఎక్స్‌ప్రెస్ బస్సు రాత్రివేళ బైపాస్ మీద దించితే ఊళ్లోకి రావడానికి ఆటో అడిగినంత ఇచ్చుకోవాలి.

దీనికి మందుగా రోడ్డు వెడల్పు ఒక్కటే చెబుతారు. వెడల్పు చేస్తే ముందు పోయేది చిన్న కొట్టే. ఉన్న రోడ్డును ఖాళీగా ఉంచకుండా ఎంత వెడల్పు చేసినా రెండేళ్లలో మళ్లీ మూసుకుపోతుంది. పురపాలకులు ముందుగా నడకదారి విడిపించాలి, తోపుడు బండ్లకు వేరే చోటు చూపాలి, ఆటోలకు స్టాండు గుర్తించాలి, ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్లు కట్టాలి. ఆర్టీసీ బస్సులు ఊళ్లోకి వచ్చి పోవాలి.

వర్తకుల బాధ్యత కూడా తక్కువ కాదు. పత్తి అమ్మేదాకా అరువిచ్చి ఆదుకునేది వీరే. ఫోన్‌లో అమ్మే కంపెనీ ఆ పని చేయదు. అయితే అరువు పేరు చెప్పి బిల్లు ఎగ్గొట్టడం, ధర పెంచడం తగదు. విత్తనం మొలవకపోతే రైతు చేతిలో సాక్ష్యం బిల్లు ఒక్కటే. రైతులు కూడా బిల్లు, విత్తన సంచి పంట చేతికొచ్చేదాకా దాచుకోవాలి.

2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడి, ఈ ప్రాంతానికి జిల్లా కేంద్రం బందరు నుంచి బెజవాడకు మారింది. నందిగామ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ఆఫీసు పని మీద వచ్చే జనం పెరుగుతారు. వారు పని చూసుకుని వెంటనే బస్సెక్కుతారో, బజారులో నాలుగు వస్తువులు కొని వెళతారో ఆ వీధి ఉండే తీరును బట్టే ఉంటుంది. అధికారులు, వర్తకులు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే ఇందులో సగం పనులకు పెద్ద ఖర్చు కూడా అక్కరలేదు.